నాలుగు వేలే కదా, పోనీలే అంటే ఎలా?

మా ఇంట్లో రావలసిన డబ్బు ఆగిపోతే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మావారి ఆఫీసు బిల్లేదైనా ఆగిందనుకోండి, ఇల్లంతా హడావుడి. ఫైళ్ళు దిగుతాయి, ఫోన్లు వెళ్తాయి, ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. అదే నా చీరల డబ్బు ఆగితే మాత్రం "నాలుగు వేలే కదా, పోనీలే" అంటారు. ఈ 'పోనీలే' గురించే నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

నేనేమీ పెద్ద వ్యాపారస్తురాలిని కాదు. మాది గుంటూరు. మంగళగిరిలో తెలిసిన మగ్గం వాళ్ళ దగ్గర నూలు చీరలు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. 2023 అక్టోబరు నుంచి చిన్న అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా, ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, సొంత రాష్ట్రం వరకు ఇలాంటి సైట్ల ద్వారా సరుకు అమ్ముకోవచ్చన్నారు. ఆ వెసులుబాటు చూసుకునే ధైర్యం చేశాను. మధ్యాహ్నం పూట అందరూ పడుకున్నాక ఫోటోలు తీయడం, సాయంత్రం ప్యాకింగు. అంతే నా దుకాణం.

కిందటి శ్రావణమాసంలో అనంతపురం నుంచి ఒకావిడ రెండు చీరలు తెప్పించుకున్నారు. ఒకటి నిజాం బోర్డరు, ఒకటి సన్న జరీ అంచు. రెండూ కలిపి 4,700 రూపాయలు. చీరలు వెళ్ళాయి, అందినట్టు మెసేజీ వచ్చింది, డబ్బు నా ఖాతాలో పడింది. ఆ సంగతి నేను మర్చిపోయాను కూడా.

నెల దాటాక సైటు వాళ్ళ దగ్గర నుంచి ఇంగ్లీషులో ఒక మెయిలు. కార్డు యజమాని ఆ కొనుగోలు తనది కాదని బ్యాంకులో ఫిర్యాదు చేశాడట. దీన్ని 'చార్జ్‌బ్యాక్' అంటారని అప్పుడే తెలిసింది. తేలేవరకు ఆ 4,700 నాకు రావలసిన తర్వాతి చెల్లింపులోంచి పట్టుకుంటారు. ఏడు రోజుల్లో ఆధారాలు పంపకపోతే నేను ఒప్పుకున్నట్టే లెక్క.

మావారితో చెబితే "పోనీలే, నాలుగు వేల కోసం ఎవడితో పెట్టుకుంటావు" అన్నారు. అప్పుడు కాగితం తీసి లెక్క వేసి చూపించాను. రెండు చీరలకు మగ్గం వాళ్ళకి ఇవ్వాల్సింది నాలుగు వేలు. సైటు కమీషను, ప్యాకింగు పోను నాకు మిగిలేది చీరకు 250. ఈ నాలుగు వేలు పోతే, అది పూడ్చుకోవడానికి ఇంకో పదహారు చీరలు ఊరికే అమ్మాలి. "ఇది నాలుగు వేలు కాదండీ, నా రెండు నెలల మధ్యాహ్నాలు" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

దసరా దగ్గరపడుతోంది. మగ్గం ఇల్లాలు ఫోను చేసి "అమ్మా, నూలు తెచ్చుకోవాల, కాస్త చూడండి" అంది. చార్జ్‌బ్యాక్ అంటే ఏమిటో ఆమెకు చెప్పి ఏం లాభం? నా డబ్బాలో దాచుకున్నది తీసి ఇచ్చేశాను.

ఇక జవాబు రాయడానికి కూర్చున్నాను. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, ఆవేశం వస్తే పేజీలు పేజీలు వస్తాయి. నా నిజాయితీ, మగ్గం వాళ్ళ కష్టం, లోకం పోకడ అన్నీ కలిపి నాలుగు పేజీలు రాశాను. మా అమ్మాయి చదివి "అమ్మా, ఇది లేఖారచన పరీక్ష కాదే. నువ్వు మంచిదానివా కాదా అని వాళ్ళు అడగలేదు. చీర వెళ్ళిందా లేదా అని అడిగారు" అంది. చురుక్కుమంది కానీ నిజమే.

ఆ కోపంలో ఇంకో తెలివితక్కువ పని చేశాను. ఆ సైటు వాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో నా ఫిర్యాదు రాసి, కింద ఫోన్ నంబరు పెట్టాను. మర్నాడే ఒకతను ఫోను. కస్టమర్ కేర్ నుంచట. డబ్బు వెనక్కి వేస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. వేలు పిన్ దగ్గరికి వెళ్ళింది కూడా. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎందుకు అని ఒక్క క్షణం తోచింది, బతికిపోయాను. యూపీఐలో పిన్ కొడితే డబ్బు పోవడమే గానీ రావడం ఉండదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

ఇదంతా చూస్తున్న మా అత్తయ్య అప్పుడు ఒక మాట అన్నారు. "నేను కాపురానికొచ్చిన కొత్తలో పాలవాడు రోజూ పోసి వెళ్ళేవాడు. గోడ మీద బొగ్గుతో గీత పెట్టేదాన్ని. అరసేరు ఎక్కువ పోస్తే చిన్న గీత. వాడూ చూసేవాడు. వాడి మీద నమ్మకం లేక కాదే, నెలాఖరుకి మా ఇద్దరి మధ్య మాట రాకూడదని."

ఆ గీతలు నా దగ్గరా ఉన్నాయి. అవి గీతలని నాకే తెలియదు. కవర్లో చీర పెట్టేటప్పుడు మా అమ్మాయి సరదాగా తీసిన వీడియో ఉంది. కొరియరు రసీదు మీద బరువు ఉంది. ట్రాకింగు నంబరు, ఇంటి దగ్గర తీసుకున్నట్టు సంతకం, బిల్లు, ఆవిడ బోర్డరు గురించి సైటులో నన్ను అడిగిన మెసేజీలు అన్నీ ఉన్నాయి. నాలుగు పేజీలూ చెరిపేసి, తేదీల వారీగా ఎనిమిది వాక్యాలు రాసి, వీటిని జతచేశాను.

పంపే ముందు ఇంకో పని కూడా చేశాను. సైటు ద్వారానే ఆ అనంతపురం ఆవిడకి మెసేజీ పెట్టాను. మోసం, పోలీసులు వంటి మాటలేవీ లేకుండా, "అమ్మా, మీ చీరలు అందాయా? చెల్లింపు మీద బ్యాంకులో ఫిర్యాదు వచ్చిందని చెబుతున్నారు, మీకేమైనా తెలుసా?" అని మాత్రమే అడిగాను.

మర్నాడు జవాబు వచ్చింది. పాపం, ఆవిడకి ఏమీ తెలియదు. కార్డు వాళ్ళాయనది. ఆయన ఫోనుకు వచ్చిన ఓటీపీ ఆవిడే చూసుకుని కట్టేశారు. నెలాఖరు బిల్లులో నా దుకాణం పేరు ఉండదు కదా, ఏదో కంపెనీ పేరు ఉంటుంది. ఆయన ఆ కొత్త పేరు చూసి కంగారుపడి, ఇంట్లో ఒక్క మాట అడగకుండా నేరుగా బ్యాంకుకి ఫిర్యాదు పెట్టేశారు. ఆవిడ ఆ చీర వరలక్ష్మీ వ్రతానికి కట్టుకున్నారు కూడా. "క్షమించండమ్మా, మావారితో ఈ రోజే ఫిర్యాదు వెనక్కి తీయిస్తాను" అని రాశారు.

వారం రోజులుగా నేను మనసులో దొంగని చేసి తిడుతున్నది ఈవిడనే. సిగ్గేసింది.

అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు కదా అని ఆధారాలు పంపడం మానలేదు. మంచిపని చేశాను. ఆయన బ్యాంకుకు చెప్పిన మాట సైటు దాకా రావడానికి రోజులు పట్టింది. ఈలోగా నా గడువు దాటిపోయి ఉండేది. ఆవిడ జవాబు కూడా కలిపి పంపాను. నెలన్నరకి డబ్బు తిరిగి వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే నేనేదో గెలిచినట్టు ఉంటుంది. ఇంకోటీ చెప్పాలి. అప్పటి నుంచి ప్రతి చీరా వీడియో తీసే ప్యాక్ చేస్తున్నాను. సంక్రాంతికి ముందు ఒకమ్మాయి చీర మీద మరక ఉంది, డబ్బు వెనక్కివ్వండి అని అడిగింది. కట్టుకుని మరక చేసుకుని నా మీద పెడుతోందనుకున్నాను. ఆధారం ఉంది కదా అన్న ధీమాతో వీడియో తీసి చూస్తే, కొంగు మడతలో ఆ మరక కనిపిస్తూనే ఉంది. నా వీడియో ఆ పిల్ల వైపే సాక్ష్యం చెప్పింది. డబ్బు వెనక్కి ఇచ్చి క్షమాపణ చెప్పాను. అత్తయ్య గోడ మీద గీతలు పాలవాడి కోసం కూడా ఎందుకయ్యాయో ఆ రోజు అర్థమైంది.

సైటు వాళ్ళతో నా తగువు మాత్రం అలాగే ఉంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వినియోగదారు ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మంచి నియమమే. కొనేవాళ్ళలో మనమూ ఉన్నాం. కానీ ఒంటరిగా అమ్ముకునే ఇల్లాలి డబ్బు పట్టుకున్నప్పుడు ఆ పాటి గడువు వాళ్ళకీ ఉండొద్దా? నాకు ఏడు రోజులు, వాళ్ళకి నెలన్నరా? రాష్ట్రమంతా తెలుగువాళ్ళకే అమ్మిస్తూ, డబ్బు పోయే మెయిలు ఒక్కటైనా తెలుగులో రాయలేరా?

ఇక మన ఇళ్ళ సంగతి. ఆడవాళ్ళ సంపాదన అనగానే అందరికీ ముద్దుగా ఉంటుంది. అందుకే అది పోయినా ఎవరికీ బాధ ఉండదు. మనం కూడా "అడిగితే ఏమనుకుంటారో" అని ఊరుకుంటాం. కూరలబ్బాయి దగ్గర రెండు రూపాయలకి బేరమాడే మనం, మనకు రావలసిన వేల దగ్గర మొహమాటపడతాం. లెక్క అడగడం తగువు పెట్టుకోవడం కాదు. అవతలివాళ్ళని దొంగ అనడం అంతకన్నా కాదు. నా కష్టానికి లెక్క ఉంది అని చెప్పడం, అంతే. ఆ లెక్క తప్పయితే ఒప్పుకోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి మరి.

మొన్న మావారు ఆఫీసు నుంచి వస్తూ ఒక చిన్న తూకం మిషను తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "పార్సిలు బరువు ఇంట్లోనే రాసుకో, కొరియరు వాడి రసీదుతో సరిపోతుందో లేదో తెలుస్తుంది" అన్నారు. పోనీలే అన్న మనిషే.

మీ ఇంట్లో ఎలా ఉంది? మీ డబ్బు ఆగితే ఫైళ్ళు దిగుతాయా, పోనీలే అంటారా?