కుడితి తొట్టికున్న మర్యాద

మా అమ్మమ్మగారి ఊరు బందరు దగ్గర. కొట్టం పక్కన కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, వంకాయ తొడిమలు, అరటి తొక్కలు అన్నీ అందులోకే. చిన్నప్పుడొకసారి పగిలిన గాజుముక్క అందులో పడేశానని మా అమ్మమ్మ వీపు చిట్లగొట్టింది. "గేదె నోరు తెగితే పాలు నువ్విస్తావట్రా?" అంది. తడి చెత్త, పొడి చెత్త అనే మాటలు ఆవిడ జన్మలో వినలేదు. తొట్టికి అవతల ఒక నోరుందని మాత్రం తెలుసు.

బెజవాడలో మనకు ఆ అవతలివైపు కనబడదు. అందుకే మనకు సిగ్గు లేదు.

పటమటలోనో లబ్బీపేటలోనో ఏ అపార్టుమెంటు ముందైనా పొద్దున్నే నిలబడి చూడండి. ముడేసిన నల్ల కవరు. లోపల రాత్రి మిగిలిన సాంబారన్నం, అందులో నానిపోయిన దినపత్రిక, పాల ప్యాకెట్లు, పిల్లాడి డైపరు, అయిపోయిన బ్యాటరీలు, పగిలిన గ్లాసు. వేటికవి విడిగా ఉంటే పేపరు కిలో లెక్కన అమ్ముడుపోతుంది, అన్నం ఎరువవుతుంది, గాజు మళ్లీ కరిగి గాజవుతుంది. కలిశాక దేనికీ పనికిరావు. చెత్త దానంతటది పుట్టదు. మన వంటింట్లో, మన చేతులతో, కలిపి తయారుచేస్తాం.

మా వీధిలో చెత్త తీసుకెళ్లే ఆవిడ వేలికి ఒకరోజు గుడ్డపీలిక చుట్టి ఉంది. ఏమైందమ్మా అంటే, "అన్నంలో గాజుపెంకండీ" అంది. ఎవరింటి అన్నమో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఇంటిదంటుందేమోనని భయం.

వెనకటివాళ్లు లేక పొదుపు చేశారు, మనకు ఉంది కాబట్టి పారేస్తున్నాం అంటారు కొందరు. ఒట్టి మాట. నూరు బస్తాలు పండించిన ఇళ్లలోనూ పాత చీర ఊయలయ్యేది, ఊయల చిరిగితే బొంతయ్యేది, బొంత పోతే మసిగుడ్డయ్యేది. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లు ఇప్పటికీ రంపపు పొట్టును చింతగింజల పొడితో కలిపి, ఆ మక్కుతోనే బొమ్మకు చేతులూ ముక్కూ అతుకుతారు. ఆటోనగర్‌కు వెళ్లండి. మూలపడ్డ లారీకి అక్కడ ఎవరూ పాడె కట్టరు. ఇంజను ఒక షెడ్డుకి, గేరుబాక్సు ఇంకో షెడ్డుకి పోతాయి. కమాను పట్టీ కొలిమిలో కాలి కత్తవుతుంది. ఆ మసి చేతులకున్న ఇంగితం మన డిగ్రీలకు లేదు.

డిగ్రీలుండే ఆఫీసుల సంగతి చూడండి. ఒకవైపే అచ్చయిన కాగితం నలిపి బుట్టలోకి. రోజుకు నాలుగు పేపరు కప్పుల టీ. పేపరే కదా అని ధీమా! దాని లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. మామూలు కాగితంతో కలిపి దాన్ని గుజ్జు చేయలేరు. స్టీలు గ్లాసు కడుక్కుంటే హోదా తగ్గుతుందా? పర్యావరణ దినోత్సవానికి ఫ్లెక్సీ కడతారు, బొకేలు ఇచ్చుకుంటారు, సగం తాగిన నీళ్ల సీసాలు బల్లమీద వరసగా వదిలేసి పోతారు. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, 100 మైక్రాన్ల కన్నా పలచని బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. పెళ్లయిన మర్నాడు కల్యాణమండపం వెనక్కి వెళ్తే ఆ నిషేధం ఎంగిలాకుల మధ్య కనబడుతుంది.

పైగా మనకు బిరుదులొకటి. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విజయవాడకు దేశంలో మూడో స్థానం. అది చీపురు పట్టినవాళ్లు తెచ్చిన ర్యాంకు, కవరు ముడేసినవాళ్లు కాలరెగరేశారు. ఆ ఏడాదే గాంధీ జయంతికి బెంజి సర్కిల్లో చెత్త బండ్లకు జెండా ఊపారు. 2024 గాంధీ జయంతికి బందరులో, ఆ బండ్ల పేరిట వేసిన చెత్త పన్ను రద్దు ప్రకటించారు. ఆ మూడేళ్లూ పన్ను మీద కొట్టుకున్నాం. బుట్టలో ఏం వేస్తున్నామని ఒకరినొకరం అడిగిన పాపాన పోలేదు.

"మేం వేరుచేసి ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారుగా!" అంటారు. చాలాచోట్ల నిజమే. అయితే బండికి అడ్డం నిలబడండి, అధికారిని నిలదీయండి. తడి, పొడి, ప్రమాదకరమైనది అని మూడుగా ఇంట్లోనే విడదీయాలని 2016లోనే నిబంధన వచ్చింది. విడదీసి ఇచ్చినవాడికే అడిగే నోరుంటుంది. కలిపి ఇచ్చి కలుపుతున్నారని ఏడవడం, పక్కవాడు దొంగ కాబట్టి నేనూ దొంగనన్నట్టుంటుంది.

ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మన ఊళ్లోంచే పోతాయి. వంతెనల మీద ఇనప వలలు ఎందుకు బిగించారు? చేపలు ఎగిరిపోతాయనా? మనం కవర్లు విసురుతామని! ఆ కాలువ నీళ్లతోనే డెల్టా పల్లెల్లో మంచినీళ్ల చెరువులు నింపుతారు. వలకు పైనుంచి విసిరిన మన కవరు బందరు దారే పడుతుంది.

అమ్మమ్మ లేదు. కుడితి తొట్టీ లేదు. అవతల నోళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. గేదెలవి కొన్ని, మనుషులవి చాలా.