యాత్రాస్థలమున ఛాయాచిత్రము

యాత్రకు పోయినవారు తిరిగి వచ్చునప్పుడు ఏదో యొక గుర్తును వెంట తెచ్చుకొనుట అనాదిగా వచ్చుచున్న అలవాటు. కాశికి పోయినవారు చెంబుతో గంగాజలము తెత్తురు. తిరుపతికి పోయినవారు లడ్డు తెత్తురు. కొండపల్లికి పోయినవారు కొయ్యబొమ్మ తెత్తురు. వీని వెలను గూర్చి, నాణ్యమును గూర్చి ఎవరును అంతగా తర్కింపరు. కాని అక్కడి ఛాయాగ్రాహకుడు తీసి యిచ్చు బొమ్మ మాట వచ్చినంతనే ఇంటిల్లిపాదికిని అభిప్రాయభేదము కలుగును. "ఇంత డబ్బు పోసి ఈ మసక బొమ్మ యెందుకు?" అని తండ్రి విసుగుకొనును. "మరల ఇంత దూరము ఎప్పుడు వత్తుము?" అని తల్లి యనును. పిల్లలు ఎటును చెప్పలేక ఇరువురి ముఖములును చూతురు. ఈ తగవులో నేను తల్లి పక్షమే వహింతును. అయినను తండ్రి మాటలోని న్యాయమును త్రోసివేయజాలను.

ఆగ్రాలోని తాజమహలునే ఉదాహరణముగా తీసికొందము. షాజహాను చక్రవర్తి 1632 ప్రాంతమున కట్టింప మొదలిడిన ఈ సమాధిమందిరమును చూడ నానాదేశములనుండి జనులు వత్తురు. ఎఱ్ఱరాతి మహాద్వారము దాటి లోపల అడుగు పెట్టగానే మెడలో కెమెరా వ్రేలాడుచుండ ఛాయాగ్రాహకుడు ఎదురగును. పురావస్తుశాఖవారి అనుమతి పొందినవారు వీరిలో కలరు. యాత్రికుడు ఎక్కడ నిలువవలెనో, ఎటు చూడవలెనో అతనికి కంఠస్థము. ఉద్యానవనము నడుమనున్న చలువరాతి తిన్నెమీద మనలను నిలిపి, చేయి పైకి చాచుమనును, రెండు వ్రేళ్లు ముడువుమనును, కొంచెము ఎడమకు జరుగుమనును. బొమ్మలో చూచినచో తాజమహలు శిఖరమును మనమే చిటికెన పట్టి ఎత్తుచున్నట్లుండును. ఇందు మంత్రమేమియు లేదు. దగ్గరి వస్తువు పెద్దదిగను, దూరపు వస్తువు చిన్నదిగను కనబడుట దృష్టిధర్మము. సుమారు 150 మీటర్ల దూరముననున్న 73 మీటర్ల కట్టడము కెమెరా కంటికి మన పిడికిలిలో ఇముడును. అక్కడి పాలరాతి బల్లపై 1992వ సంవత్సరమున బ్రిటిషు యువరాణి డయానా ఒంటరిగా కూర్చుండగా తీసిన చిత్రము లోకమంతటను వ్యాపించినది. నాటినుండి ఆ బల్లపై కూర్చుండి బొమ్మ తీయించుకొనుటకు వరుసలు కట్టువారు ఎందరో!

ఇంతవరకు అంతయు ముచ్చటగానే యుండును. బొమ్మ చేతికి వచ్చిన పిమ్మట తగవు మొదలగును. ముఖములు నల్లబడి యుండును. ఒకరి కన్నులు మూసికొని యుండును. తాజమహలు తెల్లగా లేక బూడిద పూసినట్లుండును. ఇదంతయు ఛాయాగ్రాహకుని చేతకానితనమని యెంచుట పొరపాటు. కెమెరాలోని వెలుతురు కొలత తన యెదుటి దృశ్యము తెలుపునకును నలుపునకును నడిమి వన్నెలో నున్నదని భావించి లెక్క కట్టును. ఎదుట పాలరాయి నిండియున్నప్పుడు అది మోసపోయి వెలుతురును తగ్గించివేయును. దానితో పాలరాయి మాసిపోవును, మన ముఖములు చీకటిలో మునుగును. నేర్పరియైనవాడు ఆ కొలతను సరిదిద్దుకొనును. లేదా ఉదయపు ఏటవాలు ఎండలో తీయును. నడిమధ్యాహ్నమున, వెనుక పదిమంది తొందరపెట్టుచుండగా, అంత శ్రద్ధ వహించు తీరిక ఎవరికి కలదు?

అచ్చు సంగతియు అట్టిదే. రంగుసిరాను తుంపరలుగా చిమ్మి అచ్చువేయు యంత్రములు కలవు. వానిలో చౌకసిరా వాడినచో బొమ్మ ఎండకును గాలికిని కొలదికాలముననే వెలిసిపోవును. వేడితో రంగును కాగితమునకు ఎక్కించి, పైన పలుచని రక్షకపు పొర కప్పు యంత్రములు మఱికొన్ని కలవు; వాని బొమ్మలు తడి తగిలినను తొందరగా చెడవు. ఏ యంత్రము వాడుదువని ముందుగా అడుగుటలో తప్పు లేదు. కూరగాయలను గిల్లి చూచి కొనువారము బొమ్మ దగ్గర మాత్రము మొగమాటపడుట యెందుకు?

తండ్రి కోపమునకు అసలు కారణము మసక కాదు, లెక్క. "ఒక్క బొమ్మకు ఇంత" అని మాట సాగించి, పదినిమిషములలో ముప్పది నలుబది తీసి, అన్నిటిని అచ్చువేయించి తెచ్చి చేతిలో పెట్టువారు కొందరు కలరు. వలదన్నచో నష్టపోయితినని మొగము చిన్నచేసికొందురు. నలుగురు చూచుచుందురన్న సిగ్గుచే మనము సొమ్ము చెల్లింతుము. వినోదవనములలో ఎత్తునుండి జారు బండ్లలో మనము కేకలు వేయుచుండగా మనకు తెలియకయే బొమ్మ తీసి, వెలుపలికి వచ్చు దారిలో అమ్మకమునకు పెట్టుటయు ఈ కోవలోనిదే. అడుగక తీసిన బొమ్మను కొనవలసిన బాధ్యత ఎవరికిని లేదు. అది ఎంత చక్కగా నున్నను సరే, సిగ్గునకు వెల కట్టి అమ్మునది మంచి వర్తకము కాదు. ఎన్ని బొమ్మలు, ఏ పరిమాణము, మొత్తము ఎంత అని కెమెరా పైకెత్తక మునుపే తేల్చుకొనినచో తండ్రి వాదములో సగము తీరిపోవును.

మిగిలిన సగము ఇది: "ఇంటిలో ప్రతివారి చేతను సెల్‌ఫోను కలదు. అందులో వందల బొమ్మలు ఊరకనే తీసికొనవచ్చును. కొనుట దండుగ కాదా?" ఇది బలమైన వాదమే. కాని ఆ వందల బొమ్మలలో ఒకరు ఎప్పుడును ఉండరు; ఫోను పట్టుకొన్నవారు. వారిని చేర్చుకొనుటకు చేయి చాచి తీసికొన్నచో ముఖములే కాని తాజమహలు కానరాదు. నాయనమ్మకు ఆ ఫోను తెరచుట రాదు. ఫోను నీటిలో పడిన నాడు వందలును ఒక్కసారిగా పోవును.

మఱియొక సంగతి చెప్పుటకు మనస్సు ఒప్పకున్నను చెప్పవలసియే యున్నది. ఇంటిలో పెద్దలు గతించినప్పుడు పటము కట్టించుటకు ఒక్క మంచి బొమ్మకై బీరువాలన్నియు వెదకుదురు. తుదకు ఓటరు గుర్తింపుకార్డుపై నున్న తపాలబిళ్లంత బొమ్మను పెద్దది చేయింతురు. లేదా ఎవరి పెండ్లి బొమ్మలోనో మూలనున్న ముఖమును కత్తిరింపింతురు. మన ఊళ్లలో ఎన్ని గోడలపై ఇట్టి పటములు లేవు! జీవితమంతయు కుటుంబమునకై పాటుపడినవారు తమకై నిలిచి ఒక్క బొమ్మ తీయించుకొనలేదు. అట్టి ఇంట యాత్రలో తీసిన మసక బొమ్మ యొకటి యున్నచో, అందు నాయనమ్మ క్రొత్తచీర కట్టి, ఎండకు కన్నులు చికిలించి, మనుమని భుజముపై చేయి వేసి నిలిచియున్నచో, దాని వెల ఎక్కువైనదని ఎవరనగలరు?

యాత్రాచిహ్నములను వెల పెట్టి కొనుట కెమెరాతో పుట్టినది కాదు. దంతపు రేకులపై తాజమహలును చిన్న చిత్రములుగా వ్రాసి ఢిల్లీ, ఆగ్రా చిత్రకారులు తెల్లదొరలకు అమ్మిరి. 1850 తరువాత ఆగ్రాలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా నుండిన జాన్ మర్రే తాజమహలును కెమెరాతో పట్టినాడు. ఆనాటి పద్ధతిలో కెమెరా కన్ను చాలసేపు తెరచియుంచవలసి యుండెను. కదలు మనుష్యులు అందు నిలువరు. మన సికిందరాబాదులో చిత్రశాల నడపిన లాలా దీనదయాళు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు. ఆయన కెమెరా ముందు ఎక్కువగా నిలిచినవారు ప్రభువులు, జమీందారులు. సామాన్యుని బొమ్మ తీసినవారు తిరునాళ్లలోను సంతలలోను గుడారములు వేసిన ఛాయాగ్రాహకులే. అట్టతో చేసిన విమానములో కూర్చుండబెట్టి, తెరపై వ్రాసిన సరస్సు ముందర నిలిపి, కూలి జనులకును బొమ్మ ఇచ్చిరి. ఆ విమానము ఎగురదని అందరకును తెలియును. అయినను ఆ బొమ్మ ఇంటి నడుమగోడను అలంకరించెను. తాజమహలు ముందరి ఛాయాగ్రాహకుడు ఆ వంశమువాడే.

సెల్‌ఫోనులు వచ్చిన పిమ్మట ఇతని గిరాకీ మిక్కిలి తగ్గినది. కనుక జాలిపడి కొనవలెనని కొందరందురు. నా కది సమ్మతము కాదు. అతడు యాచకుడు కాడు, పనివాడు. కన్నులు మూసికొన్న బొమ్మ ఇచ్చినచో "అన్నా, ఇది బాగుగా రాలేదు, మరల తీయుము" అని మర్యాదగా అడుగవలెను. సరిగా తీసినచో ఒప్పుకొన్న సొమ్మును గొణగక ఇయ్యవలెను.

తీయించుకొనునది ఒక్కటి చాలును. అందు ఇంటివారందరును ఉండవలెను. శిఖరమును వ్రేళ్లతో పట్టు బొమ్మ పిల్లలకు సరదా. మొదట తీయించుకొనదగినది అది కాదు. ఇంటికి చేరిన పిమ్మట బొమ్మ వెనుక మెత్తని పెన్సిలుతో స్థలము, తేదీ, అందరి పేర్లు వ్రాయుట మంచిది. కలముతో వ్రాసినచో సిరా కాలక్రమమున ముందువైపునకు ఊరును. అడిగి తెలిసికొని తీసినవాని పేరును చేర్చినచో మఱియు బాగుండును. పటము కట్టించునప్పుడు బొమ్మ అద్దమునకు అంటుకొనకుండ నడుమ అట్టచట్రము పెట్టుమని కట్టువానితో చెప్పవలెను. ఎండ పడు గోడకు మాత్రము తగిలింపరాదు.