కాలిన శవం దగ్గరికి క్లూస్ టీం ఎవరు చెబితే రావాలి?

కొత్త నేర చట్టాలతో ఫోరెన్సిక్ సాక్ష్యానికి పెద్దపీట వేశామని పాలకులు పదే పదే చెబుతున్నారు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే ప్రతి నేరంలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లి తీరాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 176(3) అంటోంది. మంచిదే. కానీ ఆ సెక్షన్ కదలాలంటే ముందు నేరం జరిగిందన్న సమాచారం స్టేషన్‌కు అందాలి. వంటింట్లో కాలిపోయిన మనిషి విషయంలో తేలాల్సిందే అది! ప్రమాదమని ఇంట్లోవాళ్లు చెప్పి, పోలీసులు అదే సంహిత సెక్షన్ 194 కింద మృతి కేసు రాసుకుంటే క్లూస్ టీంను పంపాలన్న నిర్బంధం ఆ చట్టంలో లేదు. నేరమో కాదో చెప్పాల్సిన శాస్త్రాన్ని నేరమని తేలాకే పిలవమంటే ఎలా?

ఈ చర్చలో ఎవరూ ఎత్తని అంకె ఒకటుంది. 2001లో దేశంలో నిప్పుకు బలైనవారు 1,63,000 మందికి పైనేనని 2009లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. వారిలో సుమారు 1,06,000 మంది స్త్రీలు, ఎక్కువమంది 15-34 ఏళ్లవాళ్లు. మొత్తం సంఖ్య పోలీసు లెక్కకు ఆరింతలు. అంటే ఆరు చావుల్లో ఐదు పోలీసు గణాంకాల్లోకే రాలేదు. అంకె పాతది, కిరోసిన్ స్టవ్వులు పోయి గ్యాస్ వచ్చింది అంటారు. నిజమే. అయితే ఆ ఆరింతల తేడా స్టవ్వుది కాదు, నమోదుది. నమోదు చేసే చోటు మారలేదు.

పోస్టుమార్టం ఉందిగా అనేవారు కాలిన శవం ఎంత మోసం చేస్తుందో చూడాలి. చేతులు మడిచి పిడికిళ్లు బిగించి ఉంటే పెనుగులాట జరిగిందనుకుంటారు. వేడికి కండరాల్లోని ప్రొటీన్ గడ్డకట్టి కుంచించుకుపోతే వచ్చే భంగిమ అది; బతికుండగా కాలినా, చంపి కాల్చినా అలాగే ఉంటుంది. పుర్రె లోపలి రక్తపు గడ్డ కూడా కేవలం వేడికే ఏర్పడొచ్చు. వెతకాల్సింది స్వరపేటిక కింద, శ్వాసనాళంలో. అక్కడ మసి ఉంటే మంటల్లో ఊపిరి ఆడిందని అర్థం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో కలిస్తే ఏర్పడే కార్బాక్సీహిమోగ్లోబిన్ రెండో సాక్ష్యం. నోట్లో, ముక్కులో బూడిద చూడమని చైనా న్యాయాధికారి సోంగ్ త్స 1247లోనే రాశాడు. అలాగని మసి లేకపోతే హత్యేనని తీర్మానించడమూ తప్పే. పెట్రోలు భగ్గుమన్నప్పుడు, ఆరుబయట కాలినప్పుడు బతికున్న మనిషిలోనూ ఈ గుర్తులు తక్కువ ఉండొచ్చు. శవం ఒక్కటే జవాబు చెప్పలేని చోట గది చెబుతుంది: తలుపు గడియ, కిరోసిన్ డబ్బా పడి ఉన్న చోటు, నేల మీద మంట పాకిన తీరు. మిగిలిన బట్టముక్కను గాలి చొరని సీసాలో మూసి పంపాలి. మామూలు పాలిథిన్ కవర్లో పెడితే కిరోసిన్ ఆవిరి ల్యాబ్‌కు చేరేలోపే పోతుంది. కాలిన మనిషి ఆస్పత్రిలో కొన్నాళ్లు బతికితే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. క్యాజువాలిటీలో తీసిన మొదటి రక్తం దాచాలి, ఒంటి మీద నుంచి కత్తిరించిన బట్టలు చెత్తబుట్టలోకి పోకూడదు.

పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా మెజిస్ట్రేట్ విచారణ, పోస్టుమార్టం ఉన్నాయి కదా అనవచ్చు. అవి శవానికే, గదికి కావు. ఎనిమిదో ఏడు నడుస్తున్న ఆమె గతేమిటి? సందేహం ఉందో లేదో తేల్చేది మళ్లీ పోలీసు అధికారే. మరణ వాంగ్మూలం చాలంటారా? అత్తింటివాళ్లు మంచం చుట్టూ నిలబడ్డ వార్డులో ‘స్టవ్ పేలింది’ అన్న మాటను శాస్త్రంతో సరిచూడకుండా నమ్మమంటే ఎవరు నమ్మాలి? నిపుణులు లేరన్నది చివరి సాకు. సౌకర్యం లేకపోతే వేరే రాష్ట్రానిది వాడుకోవచ్చని అదే 176(3) చెబుతోంది. 2001లో ఆరింట ఐదు నిప్పు చావులు పోలీసు లెక్కకే రాని దేశంలో తనిఖీ ఎవరి విషయంలో చేయాలో స్టేషన్ అధికారి ఇష్టానికి వదిలేయడం నిర్లక్ష్యం కాదు, నేరానికి దారి తెరవడం. 194 కింద నమోదయ్యే ప్రతి కాలిన మృతినీ 176(3) పరిధిలోకి పార్లమెంటు తేవాలి. అందాకా ఆగనక్కర్లేదు, వంటిల్లు కడిగేలోపు క్లూస్ టీం అక్కడుండాలని తెలుగు రాష్ట్రాల డీజీపీలు ఉత్తర్వు ఇస్తే రేపటి నుంచే అమలవుతుంది.