డప్పుకు వీధి కావాలి!

మా కొండపాకలో బోనాలనాడు వీధి చివర డప్పు మోగితే వంటింట్లో గిన్నెలు కూడా పలుకుతాయి. అదే డప్పును రికార్డులో వినండి! రేకు మీద వడగళ్లు పడ్డట్టుంటుంది. పట్నం పిల్లలు డప్పంటే ఇంతే కాబోలనుకుంటున్నారు.

లోపం వాయించినాయనదా? ముమ్మాటికీ కాదు. చర్మాన్ని మంటకు కాచి, సిర్ర, చిటికెన పుల్ల పట్టి ఊరంతా కదిలించే మనిషిని తీసుకుపోయి, గోడలకు పరుపులు కుట్టిన గదిలో నిలబెట్టి, మైకును డప్పుకు జానెడు దూరంలో పెడతారు. పైగా "కాస్త మెల్లగా" అనొకటి! ఆనక మిషనుతో ప్రతిధ్వని కలుపుతారు. చప్పటి పప్పు వడ్డించి, విస్తరి ఎత్తేవేళ ఉప్పు చల్లడమన్నమాట.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 17 మీటర్ల అవతలి గోడను తాకి, సెకనులో పదోవంతుకు తిరిగొస్తుంది. వీధి ఎంత విశాలమో చెవికి చెప్పేది అదే. ఇంగ్లండులో లెడ్ జెపెలిన్ వాళ్లు 'వెన్ ది లెవీ బ్రేక్స్' పాటకు డ్రమ్ములను ఓ పాత భవనం హాల్లో పెట్టి, మైకులను మెట్ల పైన ఉంచారు. 1971లో వచ్చిన ఆ మోతను రికార్డిస్టులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ మెట్లకున్న విలువ మా వాడకు లేదా?

కుక్కలు మొరుగుతాయంటారా? మిట్టమధ్యాహ్నం రండి, అవీ పడుకుంటాయి. ఒక మైకు దగ్గర పెట్టండి, ఇంకొకటి ఎదురింటి అరుగు మీద. అయ్యే ఖర్చల్లా ఓ పొడుగాటి వైరు. డప్పు చల్లారితే మళ్లీ కాచుకోవడానికి గడ్డి మేమిస్తాం.