నోట్లో నాలుక లేని పిల్ల

మన దగ్గర ఆడపిల్లకిచ్చే పెద్ద కితాబు ‘నోట్లో నాలుక లేని పిల్ల’. పెళ్ళిచూపుల్లో పనికొచ్చే ఈ మెచ్చుకోలు వెనక ఒక జబ్బు దాగి ఉండొచ్చని ఎవరికైనా తడుతుందా? అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే దీన్ని సోషల్ ఫోబియా పేరుతో తన పట్టికలో చేర్చింది. ఇప్పుడు సోషల్ యాంగ్జైటీ అంటున్నారు. మనం మాత్రం ఇంకా అణకువ అనే అంటున్నాం.

బిడియం కాసేపటికి కరిగిపోతుంది. ఇది కరగదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు సెమినార్ ఉందంటే పది రోజుల ముందు నుంచే నిద్ర ఉండేది కాదు. వేదిక మీద గొంతు వణికేది. అయిపోయాక ఇంకో పది రోజులు, అన్న ప్రతి మాటనీ తవ్వుకుంటూ కూచునేదాన్ని.

దీనికి సాయం వెతుక్కోవాలంటే ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోన్ చేయాలి, నలుగురి మధ్య వేచి ఉండాలి, గొంతు విప్పి చెప్పుకోవాలి. ఏది చేతకాక వెళ్తున్నామో అదే చేసి చూపిస్తే గానీ తలుపు తెరుచుకోదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే. కానీ అదీ ఫోనే.

తలుపు తెరుచుకున్నాక లోపల ఎవరున్నారు? మొదటి డాక్టరు ఐదు నిమిషాల్లో మాత్రలు రాసి పంపేశారు. రెండో ఆయన ‘మీరు మాట్లాడకపోతే ఇంట్లో ఎవరికైనా ఇబ్బందా అమ్మా?’ అని అడిగారు. నా ఇబ్బంది లెక్కలోకి రాదన్నమాట. మూడో ఆవిడ నేను చెప్పిందంతా మా అమ్మకి ఫోన్ చేసి చెప్పేసింది, ‘ఆడపిల్ల కదా, ఇంట్లో తెలిసుండాలి’ అంటూ. అప్పటికి నా వయసు 33. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 18వ సెక్షన్ చికిత్స పొందడం హక్కంటుంది. రోగి చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ అంటుంది. చట్టం పుస్తకంలో నేను పౌరురాలిని. ఆ గదుల్లో ఒకరి కూతుర్ని.

ఇక మనవాళ్ళ మాట. ‘ఇది పితృస్వామ్యం తెచ్చిపెట్టిన భయం. మారాల్సింది వ్యవస్థ, వ్యక్తికి చికిత్స ఏమిటి?’ అని స్త్రీవాద మిత్రులే అంటుంటారు. వ్యవస్థ మారాల్సిందే. అందాకా? పేదరికం వల్ల రక్తహీనత వచ్చిన స్త్రీకి పేదరికం పోయేదాకా ఐరన్ మాత్ర ఇవ్వొద్దని ఏ ఉద్యమమైనా అంటుందా? ఉద్యమానికి కావలసిన గొంతులెన్ని ఈ భయం కింద నలిగిపోతున్నాయో ఎవరు లెక్కపెట్టారు?

నాలుగోసారి దొరికిన క్లినికల్ సైకాలజిస్టు తెలుగులో మాట్లాడింది. నా భయాలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాయించింది. కండక్టర్ని చిల్లర అడగడం మొదటిది, సెమినార్లో ప్రశ్న వేయడం చివరిది. ఒక్కో మెట్టు ఎక్కాక, ఏం జరుగుతుందని భయపడ్డానో, నిజంగా ఏం జరిగిందో పక్కపక్కన రాయమంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటే ఇదే. మంత్రమేమీ లేదు. శిక్షణ ఉన్న మనిషి కావాలి, వారానికో గంట చొప్పున కొన్ని నెలలు కావాలి, ఆ ఫీజు కట్టగల జీతం కావాలి. నాకు జీతం ఉంది. హాస్టల్లో ఫెలోషిప్ కోసం ఎదురుచూసే రీసెర్చ్ స్కాలర్ సంగతేమిటి?

అందుకే అడుగుతున్నాను. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ తెలుగు మాట్లాడే, శిక్షణ పొందిన థెరపిస్టు ఉచితంగా అందుబాటులో ఉండాలి. ఫోన్ చేయకుండా చీటీ రాసి సమయం అడిగే వీలుండాలి. చెప్పుకున్న మాట గది దాటకూడదు. మన సభల్లో కూడా, మాట్లాడని అమ్మాయిని అణకువ గలదని మెచ్చుకోవడం మానేద్దాం. ఎందుకు మాట్లాడలేకపోతోందో అడుగుదాం.