వేటదొరల వీరగాథలు

పాతకాలపు వేటల ప్రస్తావన వస్తే మా మంగళగిరిలోనూ చాలామంది ఒకే పాట పాడతారు. దొరలు, జమీందార్లు గుండెధైర్యంతో వేటాడారట, అడవిని ప్రేమించారట, జంతువులను నాశనం చేసింది మాత్రం అడవిలో బతికే జనమేనట. ఇందులో ఒక్క ముక్కకూ నిలబడే బలం లేదు.

ముందు ధైర్యం సంగతి. దున్నపోతును ఎరగా కట్టి పులి జాడ పసిగట్టేవారు. తుపాకీ ఉన్నాయన చెట్టుమీద మంచె ఎక్కి కూర్చునేవాడు. పల్లెల నుంచి తెచ్చిన కూలీలు వరసకట్టి, తప్పెట్లు కొడుతూ, కేకలు పెడుతూ, పొదల్లోంచి పులిని ఆ మంచెవైపు తోలాలి. వాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు. పులి వెనక్కి తిరిగిందంటే ముందు దొరికేది వాళ్లే. ఫొటోలో పులి పక్కన నిలబడేది మాత్రం మంచె దిగినాయన! 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లిన విజయనగరం మహారాజకుమార్ విజ్జీకి 300కు పైగా పులులను కాల్చాడని పేరు. 1972 లెక్కల్లో దేశం మొత్తంమీద తేలిన పులులు 1,827. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

చామల లోయలో మనుషులను తినే పులి వెంటపడిన కెన్నెత్ ఆండర్సన్ లాంటివారి మాట వేరు. ఊరి ప్రాణాలు కాపాడటానికి పేల్చిన తూటాను నేను తప్పుపట్టను.

ఇక అడవి జనంమీద వేసే నింద సంగతి. ఆఫ్రికాలోనూ ఇదే వరస. 1950లలో కెన్యాలో లైసెన్సు రుసుం కట్టిన దొర ఏనుగును కొడితే అది సఫారీ. తాతలనాటి నుంచీ విల్లంబులతో ఏనుగును వేటాడిన వాలియాంగులు తెగవాడు కొడితే నేరం. 1956-57లో సావో పార్కు చుట్టుపక్కల ఆ తెగవాళ్లను వెతికి పట్టుకుని జైళ్లలో పెట్టారు. వాళ్లు దంతాలను వర్తకులకు అమ్మిన మాట నిజమే, దాన్ని వెనకేసుకురాను. దొరలూ దంతాలను ఇళ్లకు మోసుకెళ్లారు కదా! చచ్చిన ఏనుగుకు ఆ తేడాతో ఏం పని?

మన దగ్గర ఆ నింద నల్లమల చెంచులమీద పడింది. పానకాలస్వామికి పానకం పోసే మనం, ఆ నరసింహుడే అహోబిలంలో చెంచులక్ష్మిని పెళ్లాడాడని మురిసిపోతాం. ఆమె జనాన్ని మాత్రం అడవిదొంగలంటాం. దుంపలు తవ్వి, తేనె తీసి, తిండికోసం విల్లు పట్టినవాళ్లు వాళ్లు. పులితోళ్లు వేలాడింది మేడల్లో, చెంచుల గుడిసెల్లో కాదు. దొరలకు అంత ప్రేమే ఉంటే 1970లో పులివేటను నిషేధించాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఇవాళ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తడిమట్టిమీద పంజా గుర్తు చూసి, పులి ఎటు పోయిందో, ఎంతసేపయిందో చెప్పగలిగే కాపలాదార్లు చెంచులే. వాళ్ల గూడేలను ఖాళీ చేయిస్తేనే పులులు బతుకుతాయన్న వాదనను అందుకే నేను ఒప్పుకోను.