బొగ్గు పొరకు పైన ఎర్రమన్ను

ఏప్రిల్ 22 ధరిత్రీ దినోత్సవం. చందుర్తిలో యాసంగి వరి కోతకొచ్చే కాలం. నెత్తిన ఎండ, అడుగున కాలే బండ. ఆ బండ వయసు అటూ ఇటూగా 250 కోట్ల ఏళ్లు. ఎంత గట్టిదో బోరు వేయించిన రైతునడిగితే చెబుతాడు. ఇంత పాత రాయిలో ఎముక దొరకదు, ఆకు దొరకదు. అవి పుట్టకముందే గడ్డకట్టింది. ప్రాణికోటి ఎన్నిసార్లు తుడిచిపెట్టుకుపోయిందో మన గుట్టలను అడిగి లాభం లేదు. చెప్పగల రాళ్లు మనకు రెండు దిక్కుల ఉన్నాయి: నైరుతిన జహీరాబాద్, వికారాబాద్‌ల నల్లరాయి, తూర్పున గోదావరిఖని బొగ్గు.

నల్లరాయి సంగతి కొంత ప్రచారంలో ఉన్నదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ, నేటి రీయూనియన్ దీవి కింద ఉన్న భూగర్భపు వేడి ఊట మీదుగా పోయింది. నేల చీలి లావా పారింది; అదే గడ్డకట్టి నల్లరాయైంది. అందులో ఒక పాయ పాత నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు వచ్చి రాజమండ్రి దగ్గర ఆగిందని శాస్త్రజ్ఞుల అంచనా. రాక్షసబల్లులను చంపింది ఈ లావానా, మెక్సికోలో పడ్డ గ్రహశకలమా అన్న తగవు ఇంకా నడుస్తోంది. ఎక్కువమంది గ్రహశకలం వైపే. ప్రిన్స్‌టన్ ఆచార్యురాలు గెర్టా కెల్లర్ మాత్రం రాజమండ్రి క్వారీల్లో వెతికి లావా పక్షాన నిలిచారు.

మాకు అంతకన్నా దగ్గరిదనిపించేది బొగ్గు కథ.

25.2 కోట్ల ఏళ్ల కిందట, ఖండాలన్నీ పాంజియాగా ఒకే ముద్దై ఉన్నప్పుడు, సైబీరియాలో శిలాద్రవం ఉబికింది. లావా పారిన మేర కాలితే కాలుతుంది, అంతమాత్రాన లోకం చావదు. శిలాద్రవం వచ్చే దారిలో బొగ్గు, ఉప్పు, సున్నపురాయి పొరలుండటమే కొంప ముంచింది. అవి నేల కిందే ఉడికాయి. బొగ్గుపులుసు వాయువు, మీథేన్ గాలిలోకి ఎక్కాయి. సముద్రం వేడెక్కింది, పులిసింది, అందులో ప్రాణవాయువు కరువైంది. సముద్ర జాతుల్లో సుమారు 90 శాతం పోయాయి. 2011లో కెనడా శాస్త్రవేత్తలు ఆర్కిటిక్ రాళ్లలో ఆ కాలపు బొగ్గు బూడిద రేణువులను గుర్తించారు. అవి అచ్చం థర్మల్ కేంద్రాల బూడిదలాగే ఉన్నాయట. రామగుండం బూడిద చెరువు చూసినవారికి వేరే వర్ణన అక్కర్లేదు.

సిరిసిల్ల సాంచాలు తిరిగేది బొగ్గు కరెంటుతో. ఈ సంపాదకీయం అచ్చయ్యేదీ దానితోనే. కాబట్టి బొగ్గును తిట్టిపోయడం మాకు చేతకాదు. లెక్క మాత్రం చెప్పాలి. మొత్తంగా చూస్తే సైబీరియా వదిలిన కర్బనం ముందు మానవజాతిది చిన్న మూట. ఏడాదికెంత అని చూస్తే మాత్రం మనమే ముందున్నామని అంచనాలు చెబుతున్నాయి.

గోదావరిఖనిలో తవ్వే సింగరేణి బొగ్గు ఆ ప్రళయానికి ముందటిది. నేల కుంగి ఏర్పడిన గోదావరి లోయలో, గ్లోసోప్టెరిస్ చెట్ల ఆకులూ మానులూ చిత్తడిలో కూరుకుపోయి పొరలు కట్టాయి. 1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కంటబడినవి అలాంటి పొరలే. ఆ చెట్ల వంశం ప్రళయంతోనే అంతరించింది. ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్లు ప్రపంచంలో ఎక్కడా బొగ్గు ఏర్పడిన జాడ లేదు. బొగ్గయ్యే అడవులే మిగల్లేదు. ప్రాణహిత–గోదావరి లోయలో బొగ్గు దాటి పై పొరలకు వస్తే ఎర్రమన్ను రాళ్లు తగులుతాయి. యెర్రపల్లి, మలేరి అని వాటికి పేర్లు. వాటిలో సరీసృపాల ఎముకలు దొరికాయి. బొగ్గు లేదు.